ఉప్పు తక్కువే తింటున్నామంటారు, యూరిన్ క్యాన్ ఒప్పుకోదు

ఉప్పు ఎంత వాడతారండీ అని అడిగితే "మేం చాలా తక్కువండీ" అనని ఇల్లు నాకింతవరకు తగల్లేదు. బీపీ ఉన్నవాళ్లయితే మరీను. "డాక్టరుగారు చెప్పిన రోజు నుంచే కూరల్లో ఉప్పు సగం చేసేశాం, కావాలంటే మా కోడల్ని అడగండి" అంటారు. అబద్ధం చెప్తున్నారని నేననను, కూరలో నిజంగానే తగ్గించి ఉంటారు. కానీ ఆ చప్పిడి కూర గొంతు దిగదు కాబట్టి పక్కన ఆవకాయ ముక్క, చివర్లో మజ్జిగన్నంలోకి ఊరమిరపకాయ, సాయంత్రం టీలోకి గుప్పెడు మిక్చరు వచ్చి చేరతాయి. అవేవీ ఎవరి లెక్కలోనూ ఉప్పు కావు. కారం, ఆవపిండి, ఉప్పు సమపాళ్లలో కొలిచి కలిపిన చేతులే, కంచంలోకి వచ్చేసరికి అందులో ఉప్పున్న సంగతి మర్చిపోతాయి.

నేను డైటీషియన్‌ని. అంతకుముందు కొన్నాళ్లు ఊళ్లల్లో ఆహార సర్వేలకు తిరిగాను. ఈ రెండు ఉద్యోగాల్లోనూ నా పనల్లా ఒకటే, నిన్న ఏం తిన్నారు అని అడగడం. దీన్నే 24 గంటల రీకాల్ అంటారు. నిన్న పొద్దున లేచినప్పటి నుంచి ఈ పొద్దున లేచేదాకా నోట్లోకి ఏమేం వెళ్లాయో చెప్పమంటాం, మా దగ్గరున్న కొలత గిన్నెలు ముందు పెట్టి అన్నం ఏ గిన్నెడు, పప్పు ఏ గరిటెడు అని చూపించమంటాం, ఆ తర్వాత ఆహార పదార్థాల పట్టికలు చూసి ప్రొటీన్, ఐరన్ లెక్క కడతాం. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ కింద 1972లో మొదలైన జాతీయ పోషకాహార పర్యవేక్షణ బ్యూరో సర్వేలు ఎక్కువగా ఈ పద్ధతి మీదే నడిచాయి. ఈ దేశంలో పల్లెల్లో జనం ఏం తింటున్నారో మనకింత తెలుసంటే చాలావరకు ఆ గిన్నెల పుణ్యమే, కాబట్టి నేను దాన్ని తక్కువ చేసి మాట్లాడటం లేదు.

కానీ ఒక సంగతి చెప్తాను. పాలమూరు వైపు ఒక ఇంట్లో అరుగు మీద కూర్చుని అడుగుతున్నాను. అత్తగారు పక్కనే ఉంది. కోడలు ఎంతో మర్యాదగా "రాత్రి అన్నం, పప్పు తిన్న మేడం" అని పప్పుకి పెద్ద గిన్నే చూపించింది. రాసుకున్నాను. వాళ్ల చిన్నది, ఐదారేళ్లుంటాయేమో, గిన్నెలతో ఆడుకుంటూ "అమ్మ పప్పు తినలే, అయిపోయింది, కారం ఏస్కొని తిన్నది" అంది. అత్తగారు పిల్లను కసిరింది, కోడలు నవ్వేసి ఊరుకుంది. నేను కాగితంలో ఏం దిద్దాలి? పిల్ల మాట రాయాలా, తల్లి మాట రాయాలా? బయటివాళ్ల ముందు ఇంట్లో పప్పు చాల్లేదని ఏ ఇల్లాలు చెప్తుంది. ఆఖరున తినే మనిషి కంచంలోకి ఏమొచ్చిందో ఆమెకు తప్ప ఎవరికీ తెలీదు, ఆమె చెప్పదు.

సరిగ్గా ఇలాంటి చోట పనికొచ్చేవి ఒంట్లో ఉండే గుర్తులు, అంటే బయోమార్కర్లు. తిన్నది నోరు చెప్పకపోయినా మూత్రం, రక్తం, జుట్టు, గోరు చెప్తాయి. అన్నీ చెప్పవు, ఆ మాటకొస్తే చాలా కొద్దివే చెప్తాయి, దాని గురించి కింద తిట్టుకుంటాను.

ముందు ప్రొటీన్. ప్రొటీన్‌లో సుమారు 16 శాతం నైట్రోజన్ ఉంటుంది. మనం తిన్న ప్రొటీన్‌ని ఒళ్లు వాడుకుని, మిగిలిన నైట్రోజన్‌ని ఎక్కువగా యూరియా రూపంలో మూత్రంలో పారేస్తుంది. బరువు పెరగకుండా, తగ్గకుండా, జ్వరం గట్రా లేకుండా ఉన్న మనిషిలో తిన్న నైట్రోజన్‌లో దాదాపు 80 శాతం మూత్రంలోనే తేలుతుంది. కేంబ్రిడ్జిలో షీలా బింగమ్ అనే శాస్త్రవేత్త, జాన్ కమింగ్స్ కలిసి 1985లో దీన్ని పక్కాగా చూపించారు. మనుషులకు తూచిన తిండి పెట్టి, వాళ్ల మూత్రం రోజుల తరబడి పట్టి, రెండూ పోల్చారు. అంటే ఒక రోజు మూత్రంలో 8 గ్రాముల నైట్రోజన్ వచ్చిందనుకోండి, దాన్ని 0.8తో భాగిస్తే 10, దాన్ని 6.25తో (100ని 16తో భాగిస్తే వచ్చేది) గుణిస్తే 62 గ్రాముల చిల్లర ప్రొటీన్ తిన్నట్టు. గిన్నె చూపించక్కర్లేదు, అత్తగారు పక్కన కూర్చున్నా ఫర్వాలేదు. కిడ్నీ డాక్టర్లు ప్రొటీన్ తగ్గించమన్న పేషెంటు నిజంగా తగ్గించాడో లేదో ఇలాంటి లెక్కతోనే పట్టేస్తారు. ఆ కోడలి మూత్రం ఎవరైనా పట్టి ఉంటే నా కాగితంలో పెద్ద గిన్నె పప్పు నిలబడేది కాదు.

ఇక ఉప్పు. నాకు బాగా ఇష్టమైంది ఇదే, ఎందుకంటే వాదన ఒక్క కాగితంతో తేలిపోతుంది. ఇక్కడ కొలిచేది ఉప్పులో ఉండే సోడియాన్ని. తిన్న సోడియంలో సుమారు 90 శాతం 24 గంటల్లో మూత్రంలోకి వచ్చేస్తుంది. రోజంతా మూత్రం ఒక క్యాన్‌లో పట్టి ల్యాబుకిస్తే వచ్చే రిపోర్టులో సోడియం 24 గంటలకు 170 మిల్లీమోల్ (ల్యాబువాళ్లు సోడియం కొలిచే ప్రమాణం) అని ఉందనుకోండి. ఒక గ్రాము ఉప్పులో 17 మిల్లీమోల్ సోడియం ఉంటుంది కాబట్టి 170ని 17తో భాగించండి, పది గ్రాములు. మూత్రంలోకి రాని పది శాతం కూడా కలిపితే పదకొండు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజుకి 5 గ్రాముల లోపు అంటుంది, అంటే ఒక చిన్న చెంచా. చప్పిడి కూర తింటున్నానన్న పెద్దమనిషి దానికి రెట్టింపు దాటేసి కూర్చున్నాడన్నమాట. ఈ కాగితం చూపించినప్పుడు ఎవరూ నాతో గొడవ పడరు. కాసేపు ఆలోచించి, "అయితే పెరుగులో వేసుకునేది కూడా లెక్కేనా?" అంటారు. లెక్కే. అప్పడం, వడియం, బేకరీ బిస్కెట్లోని సోడా, నూడుల్స్‌లోని మసాలా, ఎండు చేప అన్నీ లెక్కే.

ఇది ఒక్కళ్ల సంగతి కాదు. ఢిల్లీ, హర్యానా, ఆంధ్రప్రదేశ్‌లలో దాదాపు 1400 మంది దగ్గర ఇలాగే 24 గంటల మూత్రం పట్టి చేసిన సర్వే ఒకటి 2017లో అచ్చయింది. ఢిల్లీ, హర్యానాల్లో సగటున రోజుకి 8.6 గ్రాముల ఉప్పు, ఆంధ్రప్రదేశ్‌లో 9.5 గ్రాములు తేలింది. పచ్చళ్ల విషయంలో మనల్ని ఎవరూ ఓడించలేరని తెలుసు గానీ ఇలా నిరూపించుకోవాల్సింది కాదు. అంతకుముందు 1988లో వచ్చిన ఇంటర్‌సాల్ట్ అనే పెద్ద అధ్యయనం 32 దేశాల్లో 52 చోట్ల పదివేల మంది మూత్రం పట్టింది. అందులో బ్రెజిల్ అడవుల్లోని యానోమామి జనం సోడియం దాదాపు సున్నా దగ్గరుంది, వాళ్లలో వయసుతో పాటు బీపీ పెరగడమూ కనిపించలేదు. ఆ 52 చోట్లలో మన దేశం నుంచి ఢిల్లీ, లద్దాఖ్ ఉన్నాయి.

ఎంత తిన్నారు అన్నది, అంటే మొత్తం కేలరీలు, పట్టుకోవడానికి ఇంకా ముచ్చటైన పద్ధతి ఉంది. హైడ్రోజన్, ఆక్సిజన్ రెండూ మామూలు కంటే బరువైన రకాలుండే నీళ్లు కొంచెం తాగిస్తారు. రేడియేషన్ ఏమీ ఉండదు, భయపడక్కర్లేదు. ఒకటి రెండు వారాల పాటు మధ్యమధ్యలో మూత్రం శాంపిల్ తీసుకుంటారు, అంతే. బరువైన హైడ్రోజన్ ఒంట్లోంచి నీటి రూపంలోనే పోతుంది, చెమట, మూత్రం, ఊపిరిలోని తేమ. బరువైన ఆక్సిజన్ నీటిలోనూ పోతుంది, మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లోనూ పోతుంది. రెండూ తగ్గే వేగాల్లో తేడా చూస్తే ఎంత కార్బన్ డయాక్సైడ్ వదిలారో, దాన్నిబట్టి ఎన్ని కేలరీలు ఖర్చు పెట్టారో తెలుస్తుంది. బరువు మారకపోతే ఖర్చు పెట్టిందే తిన్నది. అమెరికాలో మిన్నెసోటాలో నేథన్ లిఫ్సన్ 1950ల్లో చిన్న జంతువుల మీద మొదలుపెట్టిన ఈ పద్ధతి మనుషుల దాకా రావడానికి 1982 అయింది, ఎందుకంటే ఆ ఆక్సిజన్ ధర అలాంటిది. ఇప్పటికీ ఖరీదే.

ఈ నీళ్లు తాగించి, తిండి గురించి కూడా అడిగితే ఏమైందంటారా? అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలో 484 మందితో చేసిన 'ఓపెన్' (OPEN) అనే అధ్యయనం 2003లో వచ్చింది. 24 గంటల రీకాల్‌లో మగవాళ్లు 12 నుంచి 14 శాతం, ఆడవాళ్లు 16 నుంచి 20 శాతం కేలరీలు తక్కువ చెప్పారు. నెలకు ఎన్నిసార్లు ఏం తింటారు అని పెద్ద ఫారం ఇచ్చి నింపమంటే మూడో వంతు దాకా మాయం. దానికి పదకొండేళ్ల ముందు, 1992లో, ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గట్లేదు అని చెప్పే కొంతమందిని న్యూయార్క్‌లో ఇలాగే పరీక్షిస్తే తిన్నదాంట్లో సగటున 47 శాతం తక్కువ చెప్పారని, చేసిన వ్యాయామం 51 శాతం ఎక్కువ చెప్పారని తేలింది. వాళ్ల మెటబాలిజంలో తేడా ఏమీ లేదు. ఈ అంకెలు చెప్పి మనుషుల్ని వెక్కిరించేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. వాళ్లలో ఎక్కువమంది తాము చెప్పింది నిజమనే నమ్మారు. వంట చేస్తూ రుచి చూసింది, పిల్లాడు వదిలేసిన ఇడ్లీ ముక్క, పక్కింటివాళ్లిచ్చిన ప్రసాదం, ఇవి ఎవరికి గుర్తుంటాయి?

సరే, ఇప్పుడు తిట్లు. ఇంత బాగా పనిచేసే మార్కర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నైట్రోజన్, సోడియం, పొటాషియం, కేలరీలకు ఆ నీళ్లు, ఇక్కడితో జాబితా దాదాపు అయిపోయింది. వీటిలో తిన్నదానికీ బయటికొచ్చేదానికీ గట్టి లెక్క ఉంది. మిగతావన్నీ ఎక్కువ తిన్నవాళ్లలో ఎక్కువ, తక్కువ తిన్నవాళ్లలో తక్కువ ఉంటాయి, అంతవరకే. రక్తంలో విటమిన్ సి చూసి పళ్లు తినేవాళ్లెవరో కొంత చెప్పొచ్చు, కానీ సిగరెట్ తాగేవాళ్లలో అది ఎలాగూ తక్కువే ఉంటుంది. ఎర్ర రక్తకణాల్లో ఒమేగా-3 చూసి గత మూడు నాలుగు నెలల్లో కవ్వ చేపలు తిన్నారా అని ఊహించొచ్చు, కానీ ఆ ఒమేగా చేప నుంచి వచ్చిందా మందుల షాపు బిళ్ల నుంచి వచ్చిందా దానికి తెలీదు. కెరోటిన్ అయితే కంటికే కనిపిస్తుంది. రోజూ గ్లాసుల కొద్దీ క్యారెట్ జ్యూస్ తాగిన ఒక కుర్రాడు అరచేతులు పచ్చబడ్డాయని కామెర్లు అనుకుని టెన్షన్‌తో వచ్చాడు. కళ్ల తెల్లగుడ్డు తెల్లగానే ఉంది కాబట్టి కామెర్లు కాదని అక్కడే చెప్పొచ్చు, డాక్టరుగారు పరీక్షలు చేయించి అదే చెప్పారు.

యూరప్‌లో పొట్టుతో తిన్న గోధుమ, రై ధాన్యాలకి ఆల్కైల్‌రిసార్సినాల్స్ అని మంచి మార్కర్ ఉంది. పొట్టులోనే ఉంటాయి కాబట్టి మైదా తినేవాడు గోధుమ రొట్టె తింటున్నానంటే పట్టేస్తాయి. మనకేం లాభం? అవి వరిలో లేవు. దంపుడు బియ్యం తింటున్నాను అనేవాళ్లని పట్టుకునే మార్కర్ నా చేతిలో లేదు. మన తిండి మీద, మన కంచాల మీద ఈ పని ఎవరైనా కూర్చుని చేస్తే తప్ప బయటి మార్కర్లు మనకు సగమే పనికొస్తాయి.

ఒక్క చోట మాత్రం మనకు అదృష్టం ఉంది, జొన్న రొట్టె. మొక్కలు గాల్లోంచి కార్బన్ తీసుకునే దారులు రెండు రకాలు. వరి, గోధుమ, కందులు ఒక దారి. జొన్న, సజ్జ, రాగి, కొర్ర, మొక్కజొన్న, చెరకు ఇంకో దారి. రెండో దారి మొక్కల్లో కార్బన్-13 అనే బరువైన కార్బన్ పాలు కొంచెం ఎక్కువ, అది తిన్నవాళ్ల జుట్టులో, గోళ్లలో, ఎముకల్లో చేరుతుంది. పురావస్తు శాస్త్రవేత్తలు వేల ఏళ్ల నాటి ఎముకల్లో చిరుధాన్యాలు తిన్నవాళ్లని ఇలాగే గుర్తుపడతారు. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి నడుము దాకా జడ ఉన్న అమ్మాయి జుట్టులో కొన్నేళ్ల తిండి వరసగా రాసి ఉన్నట్టే. తిరుమల తలనీలాల్లో ఎంత సమాచారం వేలంలో అమ్ముడుపోతోందో అని నాకెప్పుడూ అనిపిస్తుంది.

అయితే ఇందులోనూ తిరకాసు ఉంది. పంచదార చెరకుదే కాబట్టి అదీ కార్బన్-13 పెంచుతుంది, అందుకే అమెరికాలో ఇదే గుర్తుని చక్కెర మార్కర్‌గా వాడాలని చూశారు. బ్రాయిలర్ కోడి మొక్కజొన్న దాణా తింటుంది, బర్రె జొన్న చొప్ప మేస్తుంది, చివరికి తోటకూర కూడా ఆ రెండో దారి మొక్కే. అంటే సన్నబియ్యం బిర్యానీలోకి చికెన్, పైన రెండు గులాబ్‌జామ్‌లు లాగించే హైదరాబాదీ కుర్రాడి జుట్టు, జొన్న రొట్టె తినే నారాయణఖేడ్ రైతు జుట్టు వైపు జరుగుతుంది. మిల్లెట్లు తింటున్నాను అని ఇన్‌స్టాలో పెట్టేవాళ్లని జుట్టు కత్తిరించి పరీక్షిద్దామనుకున్నాను గానీ, లాభం లేదు.

ఇంకో కోపం. ఫుల్ బాడీ చెకప్ కాగితం పట్టుకొచ్చి "కాల్షియం నార్మల్ అండీ, పాలు మానేయొచ్చా?" అంటారు. రక్తంలో కాల్షియం తిండిని చూపించదు. మీరు తినకపోతే ఒళ్లు ఎముకల్లోంచి లాగి అయినా రక్తంలో దాన్ని నార్మల్‌గా ఉంచుతుంది. బీ12 కాలేయంలో ఏళ్ల తరబడి నిల్వ ఉంటుంది, ఇవాళ్టి రిపోర్టు మొన్నటి తిండి గురించి చెప్పదు. ఐరన్ నిల్వ చూపించే ఫెరిటిన్ ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉంటే ఐరన్ లేకున్నా పెరుగుతుంది. విటమిన్ డి ఎక్కువగా ఎండ సంగతి. ఇవన్నీ ఒంటి పరిస్థితి చెప్పే పరీక్షలు, అవసరమైనవే, కానీ వాటిని చూసి మీరేం తింటున్నారో చెప్పేస్తాం, దానికి తగ్గ డైట్ ప్యాకేజీ ఇస్తాం అని ఫోన్ చేసేవాళ్లకి డబ్బులు కట్టకండి.

24 గంటల యూరిన్ కూడా దేవుడి మాటేం కాదు. మే నెలలో రెంటచింతల ఎండలో పొలం పనికి వెళ్లొచ్చిన మనిషి సోడియం చాలా చెమటలోనే పోతుంది, అతనికి 90 శాతం లెక్క పెట్టకూడదు. గర్భిణులకు, ఎదిగే పిల్లలకు, జ్వరంలో ఉన్నవాళ్లకు నైట్రోజన్ లెక్క తప్పుతుంది. ఉప్పు రోజుకో రకంగా తింటాం కాబట్టి ఒక్క రోజు రిపోర్టు ఊరందరి సగటు తీయడానికి బాగుంటుంది, ఒక మనిషి అలవాటు తెలియాలంటే వేర్వేరు రోజుల్లో చేయించాలి. పొద్దున్నే ఒక్కసారి శాంపిల్ ఇచ్చి, సూత్రం వేసి రోజు మొత్తం ఉప్పు చెప్పే పద్ధతులున్నాయి, ఒక్క మనిషి విషయంలో నేను వాటిని నమ్మను.

డాక్టరుగారు మీకు ఈ పరీక్ష రాశారనుకోండి, ల్యాబువాళ్లు పెద్ద ప్లాస్టిక్ క్యాన్ ఇస్తారు, ఎలా పట్టాలో మాత్రం ఆదరాబాదరాగా చెప్పి పంపేస్తారు. పొద్దున లేవగానే మొదటిసారి వెళ్లింది పట్టకూడదు, టాయిలెట్లోనే వదిలేసి టైమ్ రాసుకోండి. అక్కడి నుంచి ప్రతి చుక్కా క్యాన్‌లోకే, మోషన్‌కి వెళ్లేముందు కూడా ముందుగా యూరిన్ పట్టేయండి. మర్నాడు అదే టైముకి లేచి వెళ్లింది కూడా పట్టి మూత బిగించండి. మధ్యలో ఒక్కసారి మర్చిపోయినా ల్యాబుకి చెప్పి మళ్లీ మొదలుపెట్టండి, దాచిపెడితే, రోజూ దాదాపు ఒకే మోతాదులో మూత్రంలోకి వచ్చే క్రియాటినిన్ అంకె చూసి ఎలాగూ అనుమానపడతారు. పరిశోధనల్లో అయితే ఇందుకే పాబా అనే మాత్రలు రోజుకు మూడు ఇస్తారు, మింగిన పాబాలో 85 శాతం కంటే తక్కువ మూత్రంలో కనిపిస్తే పూర్తిగా పట్టలేదని ఆ క్యాన్ పక్కన పెట్టేస్తారు. ఆడవాళ్లు ల్యాబువాళ్లని అడిగి వెడల్పు మూతి ఉన్న మగ్గు ఒకటి తెచ్చుకోండి, నెలసరి రోజుల్లో వద్దు. ఆఫీసుకి క్యాన్ మోసుకెళ్లడం ఎవరి వల్లా కాదు, అందుకే అందరూ ఆదివారం చేస్తారు. ఆదివారం మటన్ వండుకుంటారు, బయటి నుంచి బిర్యానీ తెప్పించుకుంటారు, ఆ అంకె చూసి సోమవారం నా దగ్గరికొచ్చి "ఇది మా మామూలు తిండి కాదండీ" అంటారు. వీలైతే మధ్యలో ఒక రోజు సెలవు పెట్టి చేయండి, పరీక్ష ఉంది కదా అని ఆ రోజు పచ్చడి మానేయకండి.